తిరిగి తీసుకున్న సరుకుకు రూపాయి రూపాయి లెక్క చెప్పాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. టీవీలో చూసి ఫోన్ చేసి గానీ, మొబైల్ యాప్‌లో ఎంచుకుని గానీ ఇంటికే సరుకు తెప్పించుకోవడం హైదరాబాద్‌లో అన్ని రకాల కుటుంబాలకూ అలవాటైపోయింది. వచ్చిన వస్తువు పగిలిపోయి ఉన్నా, చూపించినది ఒకటి పంపినది మరొకటి అయినా తిప్పి పంపడం కూడా మునుపటంత కష్టంగా లేదు. కొరియర్ కుర్రాడు గుమ్మం దగ్గరికే వచ్చి తీసుకెళ్తున్నాడు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతోంది. డబ్బు అసలే రాకపోతే మనుషులు గట్టిగా అడుగుతారు, పోట్లాడతారు. వచ్చిన డబ్బు రావలసిన దానికంటే తక్కువగా ఉండి, ఎందుకు తగ్గిందో చెప్పే నాథుడు లేనప్పుడు మాత్రం చాలామంది ఊరుకుంటున్నారు. ఈ రెండో రకం నష్టం గురించి మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి, అధికారుల దృష్టికి కొన్ని విషయాలు తీసుకురావాలన్నది నా ఉద్దేశం.

ఉద్యోగ జీవితమంతా ఆడిట్ పనిలో గడిపిన కారణంగా మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు ఇలాంటి మెసేజ్‌లు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వాటిలో తరచుగా కనిపించే లెక్క ఒకటి ఇక్కడ రాస్తాను. పక్కింటి అమ్మాయి ఒకే ఆర్డర్‌లో 1,200 రూపాయలు, 800 రూపాయలు, 500 రూపాయల విలువ గల మూడు కుర్తాలు తెప్పించుకుంది. 2,000 రూపాయలు దాటిన కొనుగోలుకు 500 రూపాయలు తగ్గించే కూపన్ ఉండటంతో 2,500కు బదులు 2,000 చెల్లించింది. 800 రూపాయల కుర్తా కుట్టు ఊడి వచ్చింది కనుక దాన్ని తిప్పి పంపింది. కూపన్ తగ్గింపును మూడు వస్తువులకూ వాటి ధరల ప్రకారం పంచితే ఈ కుర్తా వాటాకు 160 రూపాయలు వస్తుంది. అంటే ఆమెకు 640 రూపాయలు తిరిగి రావాలి. ఖాతాలో పడింది 300. కంపెనీ కట్టిన లెక్క ఏమిటంటే, మిగిలిన రెండు కుర్తాల విలువ 1,700 మాత్రమే, అది 2,000 కంటే తక్కువ, కాబట్టి కూపన్ మొత్తం రద్దయింది, 2,000లో 1,700 పోగా మిగిలింది 300. ఈ లెక్క ఎక్కడా రాసి ఇవ్వలేదు. వెనకనుంచి తవ్వుకుంటూ వస్తే నాకు తేలిన లెక్క ఇది.

నచ్చలేదని తిప్పి పంపినవారి విషయంలో కంపెనీ ఇలా లెక్క కట్టి, ఆ షరతును ముందుగానే స్పష్టంగా చెప్పి ఉంటే, అందులో కొంత న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. కూపన్ కోసమే మూడు కొని, రెండు తిప్పి పంపేవారూ ఉంటారు. అయితే కుట్టు ఊడిన బట్టను పంపింది అమ్మకందారు. కొనుక్కున్న మనిషి తన మాట నిలబెట్టుకుంది, 2,000 రూపాయలు దాటి కొన్నది. ఎదుటివారి తప్పు వల్ల మొత్తం తగ్గితే ఆ నష్టాన్ని ఆమె ఎందుకు భరించాలి? లోపం ఉన్న సరుకు తిరిగి రావడానికీ, మనసు మారి తిరిగి రావడానికీ ఒకే సూత్రం వర్తింపజేయడం ఈ మొత్తం వ్యవహారంలో నాకు కనిపించే మొదటి అన్యాయం.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, సరుకులో లోపం ఉన్నా, అది నకిలీ అయినా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా దాన్ని వెనక్కు తీసుకోననడానికీ, చెల్లించిన మూల్యం తిరిగి ఇవ్వననడానికీ అమ్మకందారుకు వీలు లేదు. అంతకు పైన, లోపమున్న సరుకును వెనక్కు తీసుకుని, బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని ఆ చట్టమే అనుచిత వ్యాపార విధానాల జాబితాలో చేర్చింది. ఇది యాప్‌లకే కాదు, టీవీలో అమ్మేవారికీ, వీధిలో దుకాణం పెట్టుకున్నవారికీ వర్తిస్తుంది. చెల్లించిన మూల్యం అన్నప్పుడు అందులో డెలివరీ చార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, క్యాష్ ఆన్ డెలివరీకి అదనంగా వసూలు చేసిన మొత్తం కూడా ఉండాలన్నది నా వాదన. ఆ వస్తువు కోసం కొనుగోలుదారు జేబులోంచి పోయిన డబ్బే కదా అదంతా. కొన్ని సంస్థలు మాత్రం వస్తువు ధర ఒక్కటే తిరిగి ఇచ్చి, మిగతాదంతా సేవకు తీసుకున్నది, ఆ సేవ అందింది కాబట్టి వాపసు లేదంటున్నాయి. పగిలిన వస్తువును ఇంటికి చేర్చడం సేవ ఎలా అవుతుంది?

జీఎస్టీ పేరు చెప్పి కోత పెట్టేవారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. పన్ను అప్పుడే ప్రభుత్వానికి కట్టేశామని, దాన్ని తిరిగి ఇవ్వలేమని కస్టమర్ కేర్‌లో కొందరు చెబుతున్నారు. సరుకు తిరిగి వచ్చినప్పుడు అమ్మకందారు నిర్ణీత గడువులోగా క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గినట్టు చూపే పత్రం) ఇచ్చి, ఆ మేరకు తన పన్ను బాధ్యతను తగ్గించుకునే ఏర్పాటు 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలోనే ఉంది. ఆ పన్నును తాము తగ్గించుకుని, కొనుగోలుదారుకు మాత్రం ఇవ్వకపోతే అది ఎవరి జేబులో మిగిలినట్టు? ఈ సమాధానం విన్న ప్రతివారూ క్రెడిట్ నోట్ కాపీ అడగాలని నా సలహా.

ఇక డబ్బుకు బదులు వాలెట్‌లో పాయింట్లు, క్రెడిట్లు వేసే పద్ధతి. బ్యాంకు ఖాతా నుంచి, కార్డు నుంచి చెల్లించిన మొత్తాన్ని అదే కంపెనీలో మళ్లీ కొనడానికి తప్ప మరెందుకూ పనికిరాని క్రెడిట్‌గా మార్చి, దానికి గడువు తేదీ కూడా పెట్టి, రీఫండ్ పూర్తయిందని మెసేజ్ పంపడం వాపసు కిందికి రాదు. ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే పేమెంట్ అగ్రిగేటర్లకు రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కొనుగోలుదారు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, ఏ మార్గంలో డబ్బు వచ్చిందో ఆ మార్గంలోనే వాపసు వెళ్లాలని చెప్పింది. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఒక ట్యాక్సీ యాప్ సంస్థను, రీఫండ్ బ్యాంకు ఖాతాకు కావాలో కూపన్‌గా కావాలో ఎంచుకునే అవకాశం ప్రయాణికుడికి ఇచ్చి తీరాలని ఆదేశించింది. సరుకులు అమ్మే సంస్థల విషయంలోనూ ఇదే సూత్రం ఎందుకు కచ్చితంగా అమలు కాకూడదు? తిప్పి పంపే బటన్ నొక్కేటప్పుడు వాలెట్ అన్న గడికి ముందే టిక్ పెట్టి ఉంచి, బ్యాంకు ఖాతా అన్న మాటను ఎక్కడో అడుగున దాచితే దాన్ని ప్రత్యేకమైన ఒప్పుదల అనలేం.

క్యాష్ ఆన్ డెలివరీలో నోట్లు చేతికిచ్చి కొన్న పెద్దవాళ్ల ఇబ్బంది ఇంకో రకం. పోయిన ఏడాది నేనొక టీవీ షాపింగ్ సంస్థ నుంచి ఎలక్ట్రిక్ కుక్కర్ తెప్పించాను. లోపలి గిన్నె సొట్టపడి వచ్చింది. తిరిగి తీసుకున్నారు. నగదు ఇచ్చి కొన్నాను కాబట్టి ఖాతా వివరాలు లింకులో నింపమన్నారు. నింపాను. డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ మినహాయించి మిగతాది వేశారు. ఆ హ్యాండ్లింగ్ చార్జీ ఏమిటో బిల్లులో లేదు, ఆర్డర్ చేసేటప్పుడు ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయీ చెప్పలేదు. ఎవరిని అడిగినా, సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది మేడమ్ అన్న సమాధానమే వచ్చింది. ఆ మొత్తం నాకు పెద్దది కాదు. కానీ అదే కుక్కర్‌ను, అదే టీవీ కార్యక్రమం చూసి, కూలి డబ్బుతో కొనుక్కున్నవారు రాష్ట్రంలో ఎంతమంది ఉంటారో ఆలోచిస్తే నాకు కోపం వస్తుంది. ఒక్కొక్కరి దగ్గర నిలిచిపోయే చిన్న మొత్తాన్ని ఎవరూ కోర్టుదాకా తీసుకువెళ్లరు. కంపెనీ దగ్గర అవన్నీ కలిసి ఒక పెద్ద పద్దు అవుతాయి.

మా వీధి చివర కిరాణా కొట్టులో పప్పు ప్యాకెట్ తిరిగి ఇస్తే, యజమాని ఖాతా పుస్తకం తీసి, ఆ పద్దు మన కళ్లెదుటే కొట్టేసి, మిగతా మొత్తం మళ్లీ కూడి చూపిస్తాడు. వేల కోట్ల వ్యాపారం చేసే సంస్థలకు ఈ పని ఎందుకు సాధ్యం కావడం లేదన్నదే నా ప్రశ్న. సరుకు ఇంటికి వచ్చినప్పుడు ఇన్‌వాయిస్ ఉంటుంది. అందులో ధర, తగ్గింపు, పన్ను, చార్జీలు విడివిడిగా ఉంటాయి. అదే సరుకు ఇల్లు దాటి వెళ్లేటప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు. కుర్రాడు ఫోన్‌లో ఏదో నొక్కి, సంచిలో వేసుకుని బండెక్కి వెళ్లిపోతాడు. అతడిని తప్పుపట్టడం లేదు, అతనికి అప్పజెప్పిన పనే అంత. అయితే ఆ క్షణం నుంచి వస్తువు కంపెనీ ఆధీనంలో ఉంటుంది, దాని విలువ మాత్రం ఇంకా మనది, రెంటికీ సాక్ష్యంగా ఒక్క కాగితం ఉండదు.

ఆ కాగితం లేకపోవడం వల్లనే అసలైన ఇబ్బందులు పుడుతున్నాయి. గుమ్మం దగ్గర చూసి, బాగుందని తీసుకెళ్లిన వస్తువు గోదాములో నాణ్యత పరీక్షలో ఫెయిలయిందని, వాడినట్టు ఉందని, మూత లేదని, లోపల వేరే వస్తువు ఉందని తర్వాత మెసేజ్ వస్తుంది. నిజంగా మోసం చేసి రాయి పెట్టి పంపే కొనుగోలుదారులు ఉన్నారని కంపెనీలు అంటున్నాయి, ఉండవచ్చు. కాని దారిలో, గోదాములో మారిపోయే అవకాశం కూడా అంతే ఉంది కదా. ఆ అనుమానం ఎప్పుడూ ఒకవైపుకే ఎందుకు మొగ్గాలి? పెట్టె విప్పుతూ వీడియో తీసి ఉంటేనే ఫిర్యాదు వింటామని షరతు పెడుతున్నారు. ఇంట్లో ఒంటరిగా ఉండే డెబ్బై ఏళ్ల మనిషి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో కత్తెర పట్టుకుని పెట్టె విప్పాలా? రుజువు చూపే భారాన్ని ఇలా పూర్తిగా కొనుగోలుదారు మీదే మోపడం న్యాయం కాదు. తీసుకెళ్లే ముందు వస్తువు ఫొటోలు, బరువు నమోదు చేసి, ఆ వివరాలను మనకూ పంపడం కంపెనీకి ఏమంత పెద్ద ఖర్చు కాదు. పార్సిల్ పంపేటప్పుడు బరువు తూచే యంత్రాలు వాళ్ల దగ్గర ఉన్నవే.

వాయిదాల మీద కొన్నవారి సంగతి మరీ చిక్కు. నో కాస్ట్ ఈఎంఐ అని చెప్పే పథకంలో వడ్డీ నిజంగా లేకుండా పోదు. వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మకందారు ముందుగా ధరలో తగ్గిస్తాడు, బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తూనే ఉంటుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కార్డుదారే కడతాడు. ఇలాంటి సున్నా శాతం పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. ఫ్రిజ్ తిప్పి పంపిన తర్వాత కంపెనీ తగ్గించిన ధరను మాత్రమే కార్డుకు జమ చేస్తుంది. అప్పటికే పడిన వడ్డీ, దాని మీద పన్ను, ప్రాసెసింగ్ ఫీజు అలాగే ఉండిపోతాయి. కొన్నిసార్లు రీఫండ్ కార్డులో మామూలు జమగా పడి, వాయిదాలు మాత్రం నెలనెలా నడుస్తూనే ఉంటాయి. బ్యాంకుకు ఫోన్ చేసి ఈఎంఐ రద్దు చేయమని విడిగా అడగాలన్న సంగతి ఎంతమందికి తెలుసు? లోపం అమ్మకందారుది అయినప్పుడు ఈ అదనపు ఖర్చు కూడా అతని నుంచే రావాలి.

గడువు విషయంలో నియమాల్లోనే ఒక ఖాళీ ఉంది. ఒప్పుకున్న రీఫండ్‌ను రిజర్వు బ్యాంకు లేదా ఇతర అధికారిక సంస్థ నిర్దేశించిన ప్రకారం, సహేతుకమైన కాలంలో చెల్లించాలని 2020 నియమాలు చెబుతున్నాయి. సహేతుకం అంటే ఎన్ని రోజులో అంకె లేదు. ఫలితంగా కంపెనీ డబ్బు పంపామంటుంది, బ్యాంకు రాలేదంటుంది, మధ్యలో మనం నలుగుతాం. ఈ దశలో అడగవలసింది ఒకటే. కార్డు రీఫండ్ అయితే ఏఆర్‌ఎన్ (ఆ లావాదేవీని గుర్తించే) నంబరు, యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఇవ్వమనాలి. ఆ నంబరు ఉంటే డబ్బు ఎక్కడ ఆగిందో బ్యాంకు చూసి చెప్పగలదు. పంపామని చెబుతూ నంబరు ఇవ్వడానికి తటపటాయిస్తే డబ్బు ఇంకా పంపలేదేమోనని అనుమానించవలసిందే.

టీవీ ప్రకటనల భాష గురించీ చెప్పకుండా ఉండలేను. వ్యాఖ్యాత అరగంట సేపు చక్కటి తెలుగులో కడాయి గుణగణాలు వర్ణిస్తారు. వాపసు షరతులు మాత్రం తెర అడుగున చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాల్లో పరుగెడతాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు, ప్రకటనలోని మాట ఏ భాషలో ఉంటే దానికి సంబంధించిన వివరణ కూడా అదే భాషలో, స్పష్టంగా చదవగలిగే అక్షరాల్లో ఉండాలని చెబుతున్నాయి. తెలుగులో అమ్మేవారు తెలుగులోనే షరతులు చెప్పాలని పట్టుబట్టడానికి మనకు ఈ ఆధారం చాలు.

లెక్క తేలక, సరైన ఫోన్ నంబరు దొరక్క వెతుక్కునే మనుషులను సైబర్ దొంగలు పట్టుకోవడం మరో ప్రమాదం. ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే నకిలీ నంబర్లు తగులుతున్నాయి. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమని, రీఫండ్ రావాలంటే పిన్ కొట్టమని అడుగుతారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. అలా మోసపోయినవారు క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ వివరాలు తమ వేదికపై స్పష్టంగా ఉంచాలని, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెల రోజుల్లో పరిష్కరించాలని ఈ-కామర్స్ నియమాలు కంపెనీలను ఆదేశిస్తున్నాయి. ఆ వివరాలు సులువుగా దొరికి ఉంటే సగంమంది ఆ నకిలీ నంబర్ల జోలికే వెళ్లరు.

మార్గాలు లేవని నేను అనడం లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు. కార్డుతో చెల్లించినవారు బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే ఆ చెల్లింపును వెనక్కు తిప్పమని, కోరవచ్చు, అయితే దానికి కాలపరిమితి ఉంటుంది కనుక ఆలస్యం చేయకూడదు. అప్పటికీ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, గురుగ్రామ్‌లో ఉన్నా, మనం నివసించే చోటే కేసు వేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. చెల్లించిన మూల్యం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. ఇవన్నీ మంచి ఏర్పాట్లే. అయినా పక్కింటి అమ్మాయికి తక్కువ పడిన 340 రూపాయల లాంటి మొత్తం కోసం కమిషన్ మెట్లెక్కే ఓపిక, తీరిక ఎంతమందికి ఉంటాయి? ఎక్కినా అక్కడ చూపించడానికి కాగితం ఏది?

అందుకే ఫిర్యాదు విధానం కంటే ముందు లెక్క చూపే విధానం రావాలని కోరుతున్నాను. కొనేటప్పుడు జరిగే మాయలను డార్క్ ప్యాటర్న్‌ల పేరుతో 2023లో కేంద్రం 13 రకాలుగా గుర్తించి నిషేధించింది. 2025 జూన్‌లో ఈ-కామర్స్ సంస్థలన్నీ మూడు నెలల్లోగా తమ వేదికలను తామే తనిఖీ చేసుకోవాలని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ సూచించింది. అలాంటి తనిఖీల్లో కొనే పేజీలతో పాటు తిప్పి పంపే పేజీలను కూడా అంతే నిశితంగా చూడాలి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ-కామర్స్ నియమాలకు ఒక చిన్న సవరణ చేస్తే చాలు. సరుకును వెనక్కు తీసుకునే ప్రతిసారీ, తీసుకుంటున్న క్షణంలోనే, ఆ ఇంటివారి ఫోన్‌కు గానీ కాగితం మీద గానీ ఒక వాపసు రసీదు ఇవ్వడం తప్పనిసరి చేయాలి. వస్తువు పేరు, తీసుకున్నప్పటి స్థితి, చెల్లించిన మొత్తం, అందులో ఏ పద్దు కింద ఎంత మినహాయిస్తున్నారు, ఏ షరతు ప్రకారం మినహాయిస్తున్నారు, చివరకు ఎంత, ఏ ఖాతాకు, ఏ తేదీలోగా వస్తుంది అన్నవి అందులో ఉండాలి. రసీదులో లేని కోత తర్వాత పెట్టడానికి వీలుండకూడదు. ఆ తేదీ దాటితే వడ్డీ కలిపి ఇవ్వాలి. కొనుగోలుదారు కోరుకున్న భాషలో అది ఉండాలి. తెలంగాణ పౌర సరఫరాల శాఖ, మన రాష్ట్రం నుంచి ఎన్నికైన పార్లమెంటు సభ్యులు ఈ ప్రతిపాదనను కేంద్రం ముందు ఉంచాలని విజ్ఞప్తి చేస్తున్నాను. పాఠకులు కూడా ఈసారి వస్తువు తిప్పి పంపేటప్పుడు తేదీ, సమయం వేసి ఫొటో తీసుకుని, ఎంత తిరిగి వస్తుందో విడివిడి పద్దులతో రాతపూర్వకంగా తెలపమని కంపెనీకి ఈమెయిల్ పెట్టి, ఆ కాపీని దాచుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆడిట్ ఉద్యోగిని,
మల్కాజిగిరి, హైదరాబాద్